ఉద్యోగ బదిలీ ముంచుకొస్తున్నప్పుడు అమెరికా పౌరసత్వ దరఖాస్తును త్వరగా పరిశీలించమని కోరడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్‌-400 ఫారం దాఖలు చేసి, వేలిముద్రలు ఇచ్చి, ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూస్తున్న మనవాళ్లకు తరచుగా ఒక చిక్కు వచ్చి పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే కంపెనీ హైదరాబాద్ కార్యాలయంలో పెద్ద బాధ్యత అప్పగిస్తామంటుంది, లేదా డాలస్ నుంచి సియాటెల్‌కు మారమంటుంది, లేదా పౌరులకే ఇచ్చే ఒక ఉద్యోగం చేతిదాకా వస్తుంది. హెచ్‌-1బీ వీసాకీ, గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే ఐ-140 పిటిషన్‌కీ ఐ-907 ఫారంతో అదనపు రుసుము కట్టి ప్రీమియం ప్రాసెసింగ్ చేయించుకోవడం అలవాటైన వారు ఇక్కడా అలాంటి వీలుంటుందని అనుకుంటారు. ఎన్‌-400కి ఆ సదుపాయం లేదు. ఉన్నదల్లా కారణం చెప్పి, ఆధారాలు చూపి, ఈ ఫైలును వరుసకంటే ముందు తీయమని కోరే ఎక్స్‌పెడైట్ అభ్యర్థన. దానికి ప్రభుత్వ రుసుము ఏమీ ఉండదు. మంజూరు చేయడం పూర్తిగా యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులను పరిశీలించే అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ) విచక్షణకు సంబంధించినది. కాబట్టి ఎవరైనా "మాకు లోపల మనుషులున్నారు, ఇంత ఇస్తే త్వరగా చేయిస్తాం" అంటే అక్కడితో మాట ముగించడం మంచిది.

ఈ మార్గదర్శి ఐదేళ్ల గ్రీన్‌కార్డు నివాసం ఆధారంగా, లేదా పౌరులైన భర్తతో గాని భార్యతో గాని మూడేళ్ల కాపురం ఆధారంగా దరఖాస్తు చేసినవారి కోసం. నేర చరిత్ర, పన్ను బకాయిలు, సుదీర్ఘ విదేశీ గైర్హాజరు వంటి చిక్కులున్నవారు త్వరపడమని అడిగే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించాలి. ఫైలు త్వరగా తెరిస్తే అందులోని చిక్కు కూడా త్వరగానే బయటపడుతుంది.

మొదటి మెట్టు: బదిలీ ఏ రకమైనదో తేల్చుకోవడం

దేశం లోపలి బదిలీ అయితే పౌరసత్వం కోసం ఉద్యోగం ఆగే సందర్భాలు తక్కువ. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఏ రాష్ట్రంలోనైనా పనిచేయవచ్చు కనుక ఫైలు చూసే అధికారికి ఇందులో మీకు కలిగే నష్టం కనబడదు. ఇక్కడ నిజమైన ఇబ్బంది వేరే. ఇల్లు మారిన 10 రోజుల్లోగా ఏఆర్‌-11 ద్వారా, లేదా ఆన్‌లైన్ ఖాతాలో, కొత్త చిరునామా తెలపాలని చట్టం చెబుతోంది. చిరునామా మరో ఫీల్డ్ ఆఫీసు పరిధిలోకి వెళితే ఫైలు కూడా అక్కడికి వెళుతుంది, అక్కడి వరుస పాత ఆఫీసు వరుసకంటే పొడవుగా ఉండవచ్చు, పొట్టిగానూ ఉండవచ్చు. రెండు ఆఫీసులకూ యూఎస్‌సీఐఎస్ చూపే పరిశీలనా కాలాలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే, త్వరపరచమని కోరవలసిన అవసరమే లేదని కొందరికి తేలిపోతుంది. పాత ఆఫీసు త్వరగా పిలుస్తుందని స్నేహితుల ఇంటి చిరునామానే ఉంచుకోవడం మాత్రం పొరపాటు కాదు, అబద్ధం. ఇంటర్వ్యూలో ఎక్కడ నివసిస్తున్నారని ప్రమాణం చేయించి మరీ అడుగుతారు.

ఇంకా దరఖాస్తే చేయనివారికి ఒక లెక్క ముఖ్యం. దరఖాస్తు నాటికి ఆ రాష్ట్రంలో గాని, ఆ యూఎస్‌సీఐఎస్ జిల్లాలో గాని మూడు నెలలు నివసించి ఉండాలి. అర్హత వచ్చాక దరఖాస్తు చేయకుండా రాష్ట్రం మారితే, కొత్తచోట మూడు నెలలు గడిచేదాకా ఆగవలసి వస్తుంది. ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచే ఎన్‌-400 దాఖలు చేయవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన రుసుముల ప్రకారం ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితంపై అయితే 760 డాలర్లు. బదిలీ మాట వినబడుతున్న వారు ఆ 90 రోజుల కిటికీ తెరుచుకున్న రోజునే దాఖలు చేయడం ఏ అభ్యర్థన కంటే మేలు.

విదేశానికి బదిలీ అయితే కథ వేరు. దీనికే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఇచ్చాను.

మూడో రకం, పౌరసత్వమే అర్హతగా ఉన్న ఉద్యోగం. అమెరికా కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో చాలా భాగం, సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) కావలసిన పనులు ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ ఒక మాట సరిచూసుకోవాలి. రక్షణ సాంకేతికతతో ముడిపడిన కంపెనీలు ఎగుమతి నియంత్రణల పేరు చెప్పి పౌరులనే తీసుకుంటామనడం ఉంది గాని, రక్షణ ఎగుమతులను నియంత్రించే ఐటార్ నిబంధనల్లో "యూఎస్ పర్సన్" అనే నిర్వచనంలో గ్రీన్‌కార్డుదారులు కూడా ఉన్నారు. క్లియరెన్స్ అవసరం లేని పని అయితే, అడ్డు చట్టంలో ఉందా లేక మానవ వనరుల విభాగం అలవాటులో ఉందా అని ముందు అడిగి తెలుసుకోవాలి. ఆ ఒక్క ప్రశ్నతో సమస్య తీరిపోతే పౌరసత్వం తన వేగంలో తాను వస్తుంది.

రెండో మెట్టు: త్వరపరచమని కోరకుండా గట్టెక్కే దారులు చూడడం

విదేశీ బదిలీలో అసలు భయం రెండింటి గురించి. ఒకటి, గ్రీన్‌కార్డు పోతుందేమోనని. రెండు, పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం, అంటే అమెరికాలో మధ్యలో తెగకుండా సాగే నివాసం, తెగిపోతుందేమోనని. ఈ రెండింటికీ వేర్వేరు కాగితాలున్నాయి, చాలామంది వాటిని కలగలిపి చూస్తారు.

నిరంతర నివాసం దరఖాస్తు నాటికి ఉంటే సరిపోదు, ప్రమాణ స్వీకారం దాకా నిలవాలి. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి, ఏడాదికి లోపు బయట ఉంటే నివాసం తెగిందని ముందుగానే అనుకుంటారు, తెగలేదని నిరూపించుకునే భారం మనది. ఏడాది, అంతకుమించి ఉంటే తెగినట్టే. ఆ నిరూపణలో అధికారులు చూసేవి నిబంధనల్లోనే ఉన్నాయి: అమెరికాలో ఉద్యోగం వదిలారా, కుటుంబం ఇక్కడే ఉందా, ఇల్లు మీ చేతిలోనే ఉందా, బయట ఉద్యోగంలో చేరారా. హైదరాబాద్ కార్యాలయం జీతపు పట్టీలోకి మారిన మనిషికి వీటిలో రెండు మూడు ఒకేసారి ఎదురు తిరుగుతాయి. పన్ను రిటర్నులో నాన్‌రెసిడెంట్‌గా చూపించుకుంటే అదనంగా మరో అనుమానానికి తావిచ్చినట్టవుతుంది.

దీనికి విరుగుడుగా ఎన్‌-470 ఫారం ఉంది. గ్రీన్‌కార్డు వచ్చాక కనీసం ఏడాదిపాటు ఒక్కరోజు కూడా బయటికి వెళ్లకుండా అమెరికాలో గడిపినవారు, అమెరికా ప్రభుత్వం కోసం గాని, గుర్తింపు పొందిన అమెరికన్ పరిశోధనా సంస్థ కోసం గాని, విదేశీ వాణిజ్యం సాగించే అమెరికన్ కంపెనీ కోసం గాని బయట పనిచేస్తుంటే, నివాసం తెగకుండా కాపాడుకోవచ్చు. బయట వరుసగా ఏడాది గడవకముందే దీన్ని దాఖలు చేయాలి. అమెరికన్ కంపెనీకి చెందిన అనుబంధ సంస్థ అయితే సగానికి మించిన వాటా ఆ కంపెనీ చేతిలో ఉండాలి. మనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: భారతదేశంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఐటీ సంస్థ అమెరికా శాఖలో పదేళ్లు పనిచేసినా, ఆ సంస్థ అమెరికన్ కంపెనీగా లెక్కకు రావడం కష్టం. ఎన్‌-470 మంజూరైనా, ప్రభుత్వ ఉద్యోగులను మినహాయిస్తే, ఐదేళ్లలో 30 నెలలు అమెరికా నేలపై ఉండాలన్న షరతు తొలగదు.

గ్రీన్‌కార్డును కాపాడేది వేరే కాగితం, ఐ-131 ఫారంతో తీసుకునే రీఎంట్రీ పర్మిట్. దరఖాస్తు చేసేటప్పుడు అమెరికాలోనే ఉండాలి. సాధారణంగా రెండేళ్ల వరకు చెల్లుతుంది. ఇది తిరిగి రావడానికి ఉపయోగపడుతుంది గాని పౌరసత్వపు నిరంతర నివాసాన్ని నిలబెట్టదు.

భర్త గాని భార్య గాని అమెరికా పౌరులై, అమెరికన్ కంపెనీ వారిని ఏడాదికి తగ్గకుండా విదేశానికి పంపుతుంటే, వెంట వెళ్లే గ్రీన్‌కార్డుదారుకు అమెరికా ఇమిగ్రేషన్, జాతీయతా చట్టంలోని 319(బి) సెక్షన్ వర్తించవచ్చు. ఇందులో ఐదేళ్లు, మూడేళ్లు, 30 నెలలు అన్న లెక్కలేవీ ఉండవు. భాగస్వామితో కలిసి విదేశంలో ఉండి, ఆ పని ముగిశాక అమెరికాకు తిరిగి రావాలన్న ఉద్దేశం చూపాలి, ప్రమాణం మాత్రం అమెరికాలోనే చేయాలి. దంపతుల్లో ఒకరు ఇప్పటికే పౌరులైన ఇళ్లలో ఈ సెక్షన్‌ను చదవకుండా ఎక్స్‌పెడైట్ ఉత్తరం రాయడం మొదలుపెట్టడం, పక్కనే తెరిచి ఉన్న గుమ్మం వదిలి గోడ దూకడం లాంటిది.

ఇవేవీ కుదరకపోయినా ఇంకో మార్గం ఉంది. కంపెనీ ఒప్పుకుంటే ఆరు నెలలలోపు ముగిసే తాత్కాలిక పర్యటనలుగా వెళ్లివస్తూ, జీతాన్ని అమెరికా పట్టీలోనే ఉంచి, ఇంటర్వ్యూ పిలుపు వచ్చినప్పుడు తిరిగి రావడం. ఎన్‌-400 నడుస్తుండగా విదేశ ప్రయాణం నిషిద్ధం కాదు. వేలిముద్రలు, ఇంటర్వ్యూ, ప్రమాణం ఈ మూడింటికీ మాత్రం స్వయంగా రావాలి. చెప్పకుండా ఇంటర్వ్యూకు రాకపోతే ఫైలును మూసివేస్తారు.

మూడో మెట్టు: అధికారి తూకం ఎలా వేస్తారో తెలుసుకోవడం

2024 మార్చిలో సవరించిన విధాన గ్రంథం ప్రకారం యూఎస్‌సీఐఎస్ పరిగణించే కారణాలు ఐదు రకాలు: కంపెనీకి గాని వ్యక్తికి గాని తీవ్ర ఆర్థిక నష్టం, అత్యవసర మానవతా పరిస్థితి, అమెరికా సాంస్కృతిక, సామాజిక ప్రయోజనాల కోసం పనిచేసే లాభాపేక్షలేని సంస్థ కోరడం, ప్రభుత్వ ప్రయోజనం, యూఎస్‌సీఐఎస్ స్వయంగా చేసిన స్పష్టమైన పొరపాటు. ఉద్యోగ బదిలీ అన్న మాట ఈ ఐదింటిలోనూ లేదు. కాబట్టి మన పని బదిలీని వీటిలో ఒకదానికి నిజాయితీగా చేర్చగలమా అని చూసుకోవడమే.

ఎక్కువ సందర్భాల్లో సరిపడేది మొదటిది. వ్యక్తి విషయంలో, పరిస్థితులను బట్టి ఉద్యోగం పోవడాన్నే తీవ్ర నష్టంగా పరిగణించవచ్చని ఆ గ్రంథం చెబుతోంది. కంపెనీ విషయంలో మూతపడే ప్రమాదం, కీలకమైన కాంట్రాక్టు జారిపోవడం, ఇతర ఉద్యోగులను తొలగించవలసి రావడం వంటివి చూస్తారు. జీతం పెరిగే అవకాశం తప్పిపోవడం ఈ తూకంలో తేలిపోతుంది. ఇంకో షరతు కూడా ఉంది: ఈ తొందరకు మన అలసత్వం కారణం కాకూడదు. మూడేళ్ల క్రితమే అర్హత వచ్చినా ఊరుకుని, బదిలీ ఉత్తరం వచ్చిన వారం దరఖాస్తు చేసినవారు, ఆ ఆలస్యానికి కారణం చెప్పవలసి ఉంటుందని ముందే అనుకుని సిద్ధపడాలి. అడిగిన అదనపు ఆధారాలకు గడువులోగా జవాబివ్వనివారి సంగతీ అంతే.

పౌరసత్వం లేకపోతే ఈ ఉద్యోగం నిజంగా పోతుందా అన్న ప్రశ్నకు సూటిగా అవునని చెప్పలేకపోతే, ఈ అభ్యర్థన నిలబడదని నా అభిప్రాయం. అలాంటివారు రెండో మెట్టులోని దారులకే తమ శ్రమను మళ్లించడం మంచిది.

నాలుగో మెట్టు: ఆధారాలు పోగుచేసి ఉత్తరం రాయడం

అన్నింటికంటే బరువైన కాగితం యజమాని ఉత్తరం. కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం చేసే అధికారం ఉన్నవారి పేరుతో, వారిని సంప్రదించే వివరాలతో ఉండాలి. హోదా ఏమిటి, ఏ ఊరికి, ఏ తేదీన చేరాలి, ఆ తేదీని ఎందుకు జరపలేరు, అదే పనికి మరొకరిని ఎందుకు పంపలేరు, చేరలేకపోతే ఏమవుతుంది, ఇందులో పౌరసత్వానికున్న పాత్ర ఏమిటి అన్నవి విడివిడిగా రావాలి. మానవ వనరుల విభాగాలు సాధారణంగా ఇచ్చే ఉత్తరం "ఫలానా వ్యక్తి మా సంస్థలో విలువైన ఉద్యోగి, వీలైనంత సహకరించగలరు" అనే ధోరణిలో ఉంటుంది. అది వీడ్కోలు సభలో చదవడానికి బాగుంటుంది గాని ఫైలును కదిలించదు. "జూలై 1లోగా చేరకపోతే ఈ నియామకాన్ని రద్దు చేస్తాం, ప్రస్తుత స్థానం జూన్ 30తో ముగుస్తుంది" అన్న ఒక్క వాక్యం, అది నిజమైతే, పేజీ పొగడ్తలకంటే విలువైనది. యజమాని అలా రాయడానికి వెనుకాడితే, నష్టం మనం అనుకున్నంత ఖాయం కాదేమోనని మనమే ఆలోచించుకోవాలి.

దానికి తోడుగా నియామక పత్రం, పాత స్థానం ముగుస్తున్నట్టు తెలిపే నోటీసు, ఇంటి రుణం వాయిదాలు, బ్యాంకు నిల్వలు, ఇంట్లో సంపాదించేది ఒక్కరే అయితే దానికి రుజువుగా పన్ను రిటర్నులు చేర్చాలి. నష్టం కంపెనీదని వాదిస్తుంటే, కాంట్రాక్టులో గడువు, జరిమానా షరతులున్న పేజీలు కావాలి. గోప్యమైన అంకెలను కప్పివేసి ఇవ్వవచ్చు. ప్రభుత్వ ఉద్యోగమైతే ప్రకటనలో పౌరసత్వం తప్పనిసరి అని ఉన్న భాగాన్ని, షరతులతో కూడిన నియామక పత్రాన్ని జతచేయాలి. తెలుగులో గాని మరే భాషలో గాని ఉన్న కాగితానికి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుల ధ్రువీకరణతో సహా ఉండాలి.

ఇక మన ఉత్తరం. ఒక పేజీ దాటకుండా రాయడం మేలు. పైన పేరు, గ్రీన్‌కార్డుపై ఉండే ఏ-నంబరు (ఇంగ్లీషు A అక్షరంతో చెప్పే నంబరు), ఐఓఈతో మొదలయ్యే రసీదు నంబరు, పుట్టిన తేదీ, ప్రస్తుత చిరునామా, ఫీల్డ్ ఆఫీసు. మొదటి వాక్యంలోనే ఏ కారణం కింద కోరుతున్నామో చెప్పాలి. తరువాత తేదీల వరుస: గ్రీన్‌కార్డు ఎప్పుడు, దరఖాస్తు ఎప్పుడు, వేలిముద్రలు ఎప్పుడు, బదిలీ ఉత్తరం ఎప్పుడు, చేరవలసిన తేదీ ఎప్పుడు. ఆ తరువాత నష్టం ఎంతో, ఏ జతపత్రం దాన్ని చూపుతుందో. చివర ఒక ప్రత్యామ్నాయపు మాట: ఫలానా తేదీ వరకు అమెరికాలోనే ఉంటాను, ఏ రోజు పిలిచినా ఇంటర్వ్యూకు వస్తాను, అవసరమైతే బయటి నుంచి వచ్చి హాజరవుతాను అని.

రాసే తీరులో తేడా చూడండి. ఒకరు రాశారనుకుందాం: "నాకు హైదరాబాద్‌లో డైరెక్టర్‌గా మంచి అవకాశం వచ్చింది. పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు. మేము శాశ్వతంగా అక్కడ స్థిరపడబోతున్నాము కనుక దయతో త్వరగా పూర్తిచేయగలరు." ఇందులో నష్టం లేదు, ఆధారం లేదు. పైగా శాశ్వతంగా స్థిరపడబోతున్నామనడం చేజేతులా తెచ్చుకున్న చిక్కు. పౌరసత్వం వచ్చాక ఎక్కడ నివసించాలన్నది మన ఇష్టమే. ప్రమాణం చేసిన కొద్దికాలంలోనే విదేశంలో స్థిరపడితే దాన్ని తప్పుగా చూసే పాత నిబంధనను 1994లో తొలగించారు. కానీ ప్రమాణం దాకా మనం అమెరికా నివాసిగా ఉండవలసిందే. ప్రమాణానికి ముందే ఇల్లు అమ్మి, ఉద్యోగం వదిలి, కుటుంబాన్ని పంపేశామని రాస్తే, త్వరగా తెరిచిన ఫైలులో అధికారి మొదట అడిగేది దాని గురించే. దాచమని నేను అనడం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పాలి. కాకపోతే జరగవలసినవాటిని ప్రమాణం తరువాతికి వాయిదా వేసుకుని, ఆ ప్రకారమే రాయాలి.

అదే మనిషి ఇలా రాయవచ్చు: "నా ప్రస్తుత స్థానాన్ని జూన్ 30తో రద్దు చేస్తున్నట్టు యజమాని తెలిపారు (జతపత్రం 1). నాకు ఇవ్వజూపిన ఒకే ఒక స్థానంలో జూలై 1న చేరాలి (జతపత్రం 2). మా ఇంటి ఆదాయం నా జీతమొక్కటే, నెలకు ఇంటి రుణం వాయిదా ఇంత (జతపత్రాలు 3, 4). ఆ స్థానంలో ఏకధాటిగా పద్ధెనిమిది నెలలు బయట ఉండాలి కనుక నా నిరంతర నివాసం తెగిపోతుంది, యజమాని ఎన్‌-470 పరిధిలోకి రారు. నేనూ నా కుటుంబమూ జూన్ చివరివరకు ప్లానోలోనే నివసిస్తాము." పౌరసత్వం ఆలస్యమైతే ఏం పోతుందో, దానికి వేరే మందు ఎందుకు లేదో ఈ ఐదు వాక్యాల్లో తేలిపోయింది.

ఐదో మెట్టు: అభ్యర్థన పంపడం

దరఖాస్తు రసీదు వచ్చాకే అడగాలి. ఆన్‌లైన్ ఖాతా ఉన్నవారు అందులోని సందేశాల విభాగంలో ఎక్స్‌పెడైట్‌ను కారణంగా ఎంచుకుని కోరవచ్చు. లేదా యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కు 800-375-5283 నంబరులో ఫోన్ చేయవచ్చు. అక్కడ మొదట యంత్రం పలుకుతుంది, ఓపిగ్గా మనిషిదాకా వెళ్లాలి. ఫోన్ ఎత్తినవారు నిర్ణయం తీసుకోరు, సర్వీస్ రిక్వెస్ట్ నమోదు చేసి మన ఫీల్డ్ ఆఫీసుకు పంపుతారు. ఆ రిక్వెస్ట్ నంబరు రాసుకోకుండా ఫోన్ పెట్టేయవద్దు. ఆధారాలు ఎలా అందజేయాలో ఆ తరువాత ఆఫీసు తెలిపితే గడువు చూసుకుని అదే దారిలో పంపాలి. అన్నీ ఒకే పీడీఎఫ్‌లో, జతపత్రాల సంఖ్యలతో ముందుగానే సిద్ధంగా ఉంచుకుంటే ఆ గడువు ఇబ్బంది పెట్టదు.

న్యాయవాది మన తరఫున వ్యవహరిస్తున్నట్టు తెలిపే జీ-28 ఫారం దాఖలు చేసి ఉంటే అభ్యర్థన వారి ద్వారానే వెళ్లడం మంచిది. అదే కారణంతో వారానికొక కొత్త అభ్యర్థన పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. పరిస్థితి మారితే, ఉదాహరణకు చేరవలసిన తేదీ ఇంకా దగ్గరికి జరిగితే, కొత్త ఆధారంతో మళ్లీ అడగవచ్చు.

ఆరో మెట్టు: జవాబు ఏదైనా దాన్ని అర్థం చేసుకోవడం

మంజూరైందంటే ఫైలు వరుసలో ముందుకు వచ్చిందని మాత్రమే అర్థం. ఎఫ్‌బీఐ నుంచి నేర చరిత్ర పరిశీలన పూర్తయినట్టు జవాబు అందాకే ఇంటర్వ్యూకు పిలవాలని నిబంధన ఉంది, దాన్ని ఏ అభ్యర్థనా దాటవేయలేదు. ఇంటర్వ్యూ హఠాత్తుగా దగ్గరపడుతుంది కనుక పరీక్షకు ముందే చదువుకుని ఉండాలి. 2025 అక్టోబరు 20 నుంచి దాఖలైన దరఖాస్తులకు కొత్త పౌరశాస్త్ర పరీక్ష వర్తిస్తుంది: 128 ప్రశ్నల జాబితా నుంచి 20 అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. త్వరపడి వెళ్లి తప్పితే మళ్లీ పిలుపు కోసం ఆగాలి.

కాదంటే అప్పీలు లేదు, కారణం వివరంగా చెప్పకపోవచ్చు కూడా. దరఖాస్తుకు మాత్రం దానివల్ల హాని జరగదు, అది తన వరుసలో నడుస్తుంది. అప్పుడు మీ ప్రాంతపు ప్రతినిధుల సభ సభ్యుని కార్యాలయాన్ని గాని, సెనేటర్ కార్యాలయాన్ని గాని ఆశ్రయించవచ్చు. వారి వెబ్‌సైట్‌లో ఉండే ప్రైవసీ రిలీజ్ ఫారంపై సంతకం చేసి, అవే ఆధారాలు జతచేస్తే, అక్కడి సిబ్బంది యూఎస్‌సీఐఎస్‌ను ఆరా తీస్తారు. ఓటు లేనివారికి సహాయం చేయరేమోనన్న సందేహం అనవసరం, ఆ నియోజకవర్గంలో నివసిస్తే చాలు. వారు నిర్ణయాన్ని మార్చలేరు, ఫైలును ఒక మనిషి తెరిచి చూసేలా చేయగలరు.

ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే చట్టంలోని 336(బి) సెక్షన్ కింద ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లే హక్కుంది. ఇంటర్వ్యూకే పిలవకుండా అసాధారణంగా ఆలస్యమైతే, నిర్ణయం తీసుకోమని ఆదేశించాలని కోర్టును కోరే మాండమస్ దావా వేయవచ్చు. ఈ రెండూ న్యాయవాదితో చేయవలసిన ఖర్చుతో కూడిన పనులు, కొద్ది వారాల తొందరకు పనికిరావు.

ఏడో మెట్టు: ప్రమాణ స్వీకారం దగ్గర మళ్లీ అడగడం

చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. దరఖాస్తు ఆమోదం పొందినా ప్రమాణం చేసేదాకా పౌరులం కాము, కొన్ని ఊళ్లలో ఆ కార్యక్రమం కోసం వారాలు ఆగవలసి వస్తుంది. ఆ దశలో కోరే త్వరిత ప్రమాణానికి ప్రత్యేకమైన నిబంధనే ఉంది: ఫెడరల్ నిబంధనావళి 8వ సంపుటంలోని 337.3 సెక్షన్. తీవ్ర అనారోగ్యం, అంగవైకల్యం, ముదిమి వంటి కారణాలతో పాటు, ప్రయాణానికి గాని ఉద్యోగానికి గాని సంబంధించిన అత్యవసర పరిస్థితులను అది స్పష్టంగా పేర్కొంటుంది. అంటే మొదటి దశలో ఏ పట్టికలోనూ లేని ఉద్యోగం అన్న మాట, ఈ చివరి దశలో అక్షరాలా నిబంధనలోనే ఉంది. మొదటి అభ్యర్థన తిరస్కరణకు గురైనవారు కూడా ఇక్కడ కొత్తగా అడగవచ్చు.

ఈ కోరిక రాతపూర్వకంగా ఉండాలి, కారణాన్ని నిరూపించే వివరాలుండాలి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడే ఉత్తరం, చేరవలసిన తేదీ ఉన్న యజమాని పత్రం, టికెట్టు ఉంటే దాని ప్రతి చేతిలో పెట్టుకుని, ఆమోదం చెప్పగానే అధికారికి అందించాలి. అదే రోజు ప్రమాణం చేయించే ఆఫీసులు ఉన్నాయి, అక్కడ మర్యాదగా ఒక్కమాట అడిగితే సరిపోవచ్చు. కొన్ని ప్రాంతాల్లో ప్రమాణం ఫెడరల్ కోర్టులోనే జరుగుతుంది, అప్పుడు కోరిక కోర్టు ముందుకు వెళ్లవలసి ఉంటుంది.

దీనికే ముడిపడి మన ఇళ్లలో ఎదురయ్యే ఒక చిక్కుంది. ఇంటిపేరు, సొంతపేరు తారుమారైనవారు, పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా పడి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (సొంతపేరు తెలియదు) అని వచ్చినవారు, పౌరసత్వంతో పాటు పేరు కూడా సరిచేసుకుందామని ఎన్‌-400లో పేరు మార్పు కోరతారు. ఆ మార్పును మంజూరు చేయగలిగేది న్యాయమూర్తి మాత్రమే. కాబట్టి కోర్టులో జరిగే కార్యక్రమం కోసమే ఆగాలి. తొందరలో ఉన్నవారు ఆ కోరికను విరమించుకుని, తరువాత రాష్ట్ర కోర్టు ద్వారా పేరు మార్చుకోవడం తెలివైన పని.

ఎనిమిదో మెట్టు: ప్రమాణం నుంచి విమానం దాకా లెక్క వేసుకోవడం

ప్రమాణం రోజున గ్రీన్‌కార్డు తిరిగి ఇచ్చేస్తాం, నాచురలైజేషన్ సర్టిఫికెట్ చేతికి వస్తుంది. భారత పౌరసత్వ చట్టం, 1955లోని 9వ సెక్షన్ ప్రకారం ఆ రోజుతో భారత పౌరసత్వం ముగుస్తుంది, భారత పాస్‌పోర్టుపై ప్రయాణించకూడదు. అంటే అమెరికా పాస్‌పోర్టు వచ్చేదాకా దేశం దాటడానికి చేతిలో ఏ కాగితమూ ఉండదు. మరుసటి వారానికి టికెట్టు కొనుక్కున్నవారికి ఇది పెద్ద దెబ్బ.

పాస్‌పోర్టుకు డీఎస్‌-11 ఫారంతో స్వయంగా వెళ్లాలి. పుస్తకానికి 130 డాలర్లు, స్వీకరణ కేంద్రానికి 35, త్వరిత సేవకు మరో 60. 14 రోజుల్లోపు విదేశ ప్రయాణం ఉంటే పాస్‌పోర్టు ఏజెన్సీలో అపాయింట్‌మెంట్ కోరవచ్చు. సర్టిఫికెట్ అసలు ప్రతిని జతచేయాలి కనుక, ఇచ్చే ముందు స్పష్టమైన నకళ్లు తీసి పెట్టుకోవాలి, తరువాతి పనికి అవి కావాలి.

ఆ తరువాతి పని భారత పాస్‌పోర్టును అప్పగించి రినన్సియేషన్ సర్టిఫికెట్ (భారత పౌరసత్వం వదులుకున్నట్టు ధ్రువపత్రం) తీసుకోవడం, దానితో ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) దరఖాస్తు చేయడం. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరబోయే అమెరికా పౌరుడికి ఓసీఐ గాని ఎంప్లాయ్‌మెంట్ వీసా గాని ఉండాలి, పర్యాటక ఈ-వీసాతో కొలువు చేయకూడదు. కాబట్టి గచ్చిబౌలిలో కుర్చీ జూలై 1న అయితే, ఓసీఐకి, రినన్సియేషన్‌కు, పాస్‌పోర్టుకు పట్టే వారాలను ఒక్కొక్కటిగా వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చి, ప్రమాణం ఏ తేదీలోగా జరగాలో కనుక్కోవాలి. యూఎస్‌సీఐఎస్‌కు రాసే ఉత్తరంలో ఉండవలసినది ఆ తేదీయే. కొందరి లెక్కలో ఆ తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటుంది. అప్పుడు గ్రీన్‌కార్డు మీదనే, భారత పాస్‌పోర్టుతోనే వెళ్లి పనిలో చేరి, ఆరు నెలలు నిండకముందే ఇంటర్వ్యూకు తిరిగి రావడం సులువైన దారి కావచ్చు.

చివరగా పిల్లల సంగతి. 18 ఏళ్లలోపు గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలు, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైన క్షణంలో, వారి సంరక్షణలో అమెరికాలో నివసిస్తూ ఉంటే, వేరే దరఖాస్తు లేకుండానే పౌరులవుతారు. ఇందులో నివసిస్తూ ఉండడం అన్న షరతును చాలామంది పట్టించుకోరు. హైదరాబాద్‌లో బడి జూన్‌లో మొదలవుతుందని తల్లితో పిల్లలను ముందుగా పంపి, తండ్రి ఒక్కడే జూలైలో ప్రమాణం చేస్తే, ఆ పిల్లలు అమెరికాలో నివసిస్తున్నారా అన్న ప్రశ్న తలెత్తుతుంది, పదిహేడేళ్లు నిండిన బిడ్డ విషయంలో దాన్ని సరిదిద్దడానికి వ్యవధి కూడా మిగలదు. బడిలో నాలుగు వారాలు ఆలస్యంగా చేర్చుకోమని ప్రధానోపాధ్యాయులను అడగడం దీనికంటే తేలిక.